జన నిండిన బొంతలు

ఆకులో వడ్డించిన చేపను చూడగానే మిలికా చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బొంతచేప. ఉడికి పగిలిన పొట్టలోంచి పచ్చటి జన, గుడ్ల ముద్ద, కారి కొబ్బరిపాలలో తేలుతోంది.

తల్లి పోయినప్పుడు మేనమామ ఎరువేల్ తన చేత్తోనే వంశం వాళ్ళ పగడాల దిబ్బ మీద ఆకులు కట్టిన కర్ర పాతాడు. అది ఉన్నన్నాళ్ళు అక్కడ గాలం పడకూడదు. పెద్దకూతురు మిలికా తలకు నీళ్ళు పోసుకోకూడదు, సముద్రంలో దిగకూడదు. ఏడాదికి పెట్టే ఈ ఆఖరి విందులో ఆమె మొదటి ముద్ద తింటే మైల తీరి కర్ర ఊడుతుంది. అందాకా ఎవరూ విస్తరి ముట్టరు. నీళ్ళలో ఎప్పుడు మునుగుతానా అని మిలికా ఏడాదిగా ఒళ్ళు గోక్కుంటూ ఎదురుచూసింది.

"ఎక్కడివి మామా ఇవి?"

"దిబ్బ పక్క గండిలోవి," అన్నాడు ఎరువేల్ వక్క నములుతూ. "మనవి కావులే. గుడ్లు పెట్టుకోను గుంపుగా వచ్చిపోయే చుట్టాలు. కర్ర ఇంటివాళ్ళకి గాని చుట్టాలకేంటి?"

"మొన్న మన ఊరొచ్చిన చేపల చదువు పిల్ల వీటి రెక్క ముక్కలు పరీక్ష చేసి అందరి ముందూ ఏం చెప్పింది? ముందు వరసలో కూచుని విన్నావుగా. ఆ తల్లులు కాపురముండేది మన రాళ్ళ కిందే. గండిలో గుడ్లు పెట్టి మళ్ళీ ఇంటికే వస్తాయి. వాటి పిల్లలు చాలామట్టుకు సముద్రంలో తిరిగి తిరిగి మన దిబ్బకే చేరతాయంది."

"ఆ పిల్లకి ముల్లు తీసుకుని తినడమే రాదు. గొంతులో గుచ్చుకుని ఏడ్చింది."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఎరువేల్ వక్కరసం అంటిన వేళ్ళతోనే ఇంకాస్త జన తీసి ఆమె ఆకులో పెట్టాడు. "నీకని మెత్తటిది ఏరాను, తిను."

మిలికా ఆ వేళ్ళనే చూసింది. ఆకును అవతలికి నెట్టింది.

"మనది తల్లి వంశం మామా. తల్లి పోయిందని దిబ్బ మూశావు. ఆ దిబ్బ తల్లుల్నే కడుపులతో సహా ఉడకేశావు. నాకొద్దు."

"తినకపోతే కర్ర ఊడదే. ఇంకో ఏడాది ఈ కంపు జుట్టుతోనే తిరుగుతావా?"

"తిరుగుతా. పేలు పడితే నువ్వే చూద్దువుగాని."

చేతులు కడుక్కుని కూచున్నవాళ్ళు అలాగే కూచున్నారు. పొద్దు తిరిగేసరికి కొబ్బరిపాలు విరిగాయి, ఈగలు ముసిరాయి. ఎరువేల్ కొడుకులు ముక్కులు మూసుకుని గొయ్యి తవ్వి, చేపలన్నీ అందులో పూడ్చేశారు.

మిలికా జిడ్డుజుట్టు ముడేసుకుని ఖాళీ కడుపుతో ఇంటిదారి పట్టింది. సముద్రం వైపు మాత్రం తల తిప్పలేదు.