సీసాల ఫ్యాక్టరీ స్తంభాలు

కెరెతారో ఊరి చివర మూతపడ్డ గాజు సీసాల ఫ్యాక్టరీని కూల్చకుండానే అందులో డేటా సెంటర్ పెట్టొచ్చని చూపించడానికి ఎరెందిరా ఓల్వెరాకు చలికాలమంతా పట్టింది. కట్టడాల వల్ల గాలిలోకి ఎంత కర్బనం పోతుందో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. కంప్యూటర్లు తినే కరెంటు గురించి అందరూ మాట్లాడతారు. అవి ఆన్ కాకముందే, వాటి కోసం సిమెంటు బట్టీల్లో, ఉక్కు కొలుముల్లో, చిప్పుల కార్ఖానాల్లో లేచిన పొగ మాత్రం ఎవరికీ పట్టదు. ఒకప్పుడు గాజు కొలుములను మోసిన ఆ ఫ్యాక్టరీ స్తంభాలు ఇంకో వందేళ్లు నిలుస్తాయి. వాటిని తయారుచేసినప్పుడు లేచిన పొగ ఏనాడో గాలిలో కలిసిపోయింది. కూలిస్తే కొత్తవాటి కోసం బట్టీలు మళ్లీ మొదటినుంచీ కాల్చాలి.

ఆమె పై అధికారి, ఆర్కిటెక్ట్ ఉర్బియోలా, ఆమె గీసిన నక్షాలన్నీ తిరగేసి, "భలే చేశావమ్మాయ్" అన్నాడు. కట్టించుకునే కంపెనీ కూడా సరేనంది.

వసంతంలో ఒక ఉదయం ఆమె తల్లి కూకా ఫోన్ చేసింది. ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆమె గోర్దీతాల బండి, కూర కూరిన మందపాటి మొక్కజొన్న రొట్టెలు అమ్మేది.

"ఏమే, మీ ఫ్యాక్టరీని కొట్టేస్తున్నారు. వద్దని నువ్వే కదా అన్నావు?"

ఎరెందిరా వెళ్లేసరికి కూల్చే యంత్రం కోర అప్పటికే పైకప్పును కొరుకుతోంది. ఆమె చేతులూపుతూ ఎదురెళ్లింది. డ్రైవర్ నికానోర్ ఇంజన్ ఆపి తల బయటపెట్టాడు.

"ఇంజనీరమ్మా, పక్కకు రండి! మీకేమన్నా అయితే నా పెళ్లాం పిల్లలు రోడ్డున పడతారు."

"ఎవరు కొట్టమన్నారు?"

"మా మేస్త్రీ. ఆయన్ను అడగండి. ఈలోగా నేనూ టీ తాగొస్తాను."

మేస్త్రీ ఉర్బియోలా పేరు చెప్పాడు. ఉర్బియోలా ఫోన్‌లో నసిగాడు. "నాకూ నిన్ననే తెలిసిందమ్మా. నీకెలా చెప్పాలో తోచలేదు. కావాలంటే కంపెనీ తరఫున చూసే అరీసా గారితో మాట్లాడు."

అరీసా రాజధానిలో ఉంటుంది. ఫోన్ తెరమీద ఆమె ముఖం ఎంతో దయగా కనిపించింది.

"మీ నివేదిక మొత్తం చదివానండీ. మీరన్నది ముమ్మాటికీ నిజం."

"అయితే ఆపించండి."

"నా చేతిలో ఏముంది? మా భవనాలన్నీ ప్రపంచమంతా ఒకే నమూనాలో ఉండాలట. ఈ పైకప్పు కింద మా యంత్రాలు పట్టవంటున్నారు."

"పట్టేలా గీశాను కదండీ!"

"గీశారు. చూశాను. చాలా బాగుంది."

"మరి నేనెవర్ని అడగాలి?"

"నిజం చెప్పనా? నాకూ తెలీదండీ."

ఎరెందిరా ఎవరితోనైనా పోట్లాడటానికే వచ్చింది. అందరూ ఔనంటుంటే ఎవరితో పోట్లాడాలి? నికానోర్ టీ తాగి వచ్చి, ఆమె వైపు ఒకసారి ఇబ్బందిగా చూసి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఈసారి ఆమె అడ్డం వెళ్లలేదు.

తల్లి తన బండి పక్కన ఆమెకు స్టూల్ వేసింది. "తిను. ముఖం పీక్కుపోయింది."

"ఆకలి లేదమ్మా."

"నీ బాధ నాకు తెలుసే. కానీ రేపట్నుంచి పనివాళ్లందరికీ వండాలి నేను. ఇంత బేరం ఈ గేటు దగ్గర నేనెప్పుడూ చూడలేదు. సంతోషపడాలో ఏడవాలో నువ్వే చెప్పు."

ఎరెందిరా గోర్దీతాలో సగం తుంచి తింది.

కూల్చిన ఫ్యాక్టరీని కొత్త భవనం కర్బనం లెక్కలో చూపక్కర్లేదని తర్వాత తేలింది. పోయిన కట్టడం ఎవరి ఖాతాలోనూ పడదట. దాని గురించి ఆమె నివేదికలో ఒక వాక్యం రాస్తే ఉర్బియోలా తీసేశాడు. మళ్లీ రాసింది. మళ్లీ తీసేశాడు, ఈసారి క్షమాపణ చెప్పి మరీ.

ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఈ మాత్రం అడిగేవాళ్లు కూడా ఉండరని ఆగిపోయింది. కొత్త పునాదికైనా సిమెంటు తగ్గించి, ఉక్కు ఫ్యాక్టరీల్లో వ్యర్థంగా మిగిలే తెట్టు పొడి కలిపిన కాంక్రీటు వాడాలని పట్టుబట్టింది. దానికి అందరూ ఒప్పుకున్నారు. పునాది పోసే రోజు తెల్లవారుజామునే కాంక్రీటు లారీలు వరసగా వచ్చాయి. ఆమె మొదటి లారీ సరుకు కాగితం అడిగి చూసింది. మామూలు సిమెంటే.

"ఆ పొడి ఈ వారం దొరకలేదంట ఇంజనీరమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఆపమంటారా? గంటన్నరలో గట్టిపడి లారీల్లోనే పాడైపోద్ది. అంతా పారబొయ్యాలి."

పారబోస్తే దాన్ని తయారుచేయడానికి లేచిన పొగ కూడా వృథా. ఆమె కాగితం తిరిగి ఇచ్చేసి, లారీకి దారి వదిలింది.