వెంట వచ్చే కుర్చీ

షట్టరు లేవగానే పెద్దక్క చేసే మొదటి పని సోఫాల మీద దుమ్ము దులపడం. తర్వాత ఒక్కో దిండునీ ఒళ్ళోకి తీసుకుని, నడుమ అరచేత్తో ఒక దెబ్బ వేసి, రెండు చెవులూ నిలబెట్టి, ఎక్కడిది అక్కడ సర్దేది. ఆ పైన సాయంత్రం దాకా ఒకటే మాట.

"కూర్చుని చూడండి మేడమ్. కూర్చుంటేనే తెలుస్తుంది."

అందరూ కూర్చునేవాళ్ళు. ఊరికే ఎండ తప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా కూర్చుని, ఊగి, కాళ్ళు చాపి, లేచి వెళ్ళిపోయేవాళ్ళు. పెద్దక్క మాత్రం కూర్చునేది కాదు. ఆ ఫర్నిచర్ కొట్టులో పనిచేసేవాళ్ళు అమ్మకాల గదిలో కూర్చోకూడదని రూలు. కొట్టులో చేరిన కొత్తలో ఆమెకది నవ్వులాటగా ఉండేది. "పెళ్ళివారింట వడ్డించేవాళ్ళం, మనకి చివరి పంక్తి" అని తోటివాళ్ళతో జోకులేసేది. ఆ చివరి పంక్తి ఎంతకీ రాలేదు.

కుర్చీ సంగతి తర్వాత మొదలైంది. ముందు గీతలు వచ్చాయి.

చిన్నవాడు పుట్టి మళ్ళీ పనిలోకి వెళ్ళిన ఏడాది, మోకాలి వెనక ఎర్రగా నీలంగా సాలీడు గూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపించాయి. పెన్ను గీసుకుందేమో అనుకుని సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. తర్వాత పిక్క మీద నీలిరంగు తాళ్ళు లేచాయి. వేలు పెట్టి నొక్కితే అణిగేవి, తీస్తే మళ్ళీ ఉబ్బేవి. ఆ తాళ్ళు కనబడ్డ నెలలోనే, ఒక పొద్దున ఆమె పనికి బయల్దేరుతుంటే, వసారాలోని అత్తగారి కుర్చీ లేచి వెంట నడిచింది.

పాత చెక్క కుర్చీ. చేతులు అరిగి నున్నబడ్డాయి. అత్తగారు ముప్పాతిక జీవితం నూలు మిల్లులో నిలబడి, మానేసిన రోజున కొనుక్కున్న కుర్చీ అది. ఆమె మంచం మీద నుంచే చూసి, "వెళ్తే వెళ్ళనీవే అమ్మాయ్. నాకిప్పుడు మంచం చాలు" అంది. "కాకపోతే మెట్ల దగ్గర జాగ్రత్త. దానికి ఎడమ వెనక్కాలు కొంచెం వదులు."

అలా రోజూ పెద్దక్క ముందు, కుర్చీ వెనక. టక్ టక్ టక్ టక్. బస్సులో సీటు దొరకనప్పుడు ఆమె దాని మీద కూర్చునేది. "సీటు ఇంటి నుంచి తెచ్చుకున్నా టికెట్టు టికెట్టేనమ్మా" అనేవాడు కండక్టరు. కొట్టు వాచ్‌మన్ ఆమెని చూడగానే, "కుర్చీ ఎండలో ఉంచనా పెద్దక్కా, నీడలో వెయ్యనా?" అని అడిగేవాడు. అది గుమ్మం పక్కన సాయంత్రం దాకా ఉండి, షట్టరు దిగగానే లేచి ఆమె వెనకాలే ఇంటికి వచ్చేది.

లోపలికి మాత్రం రానిచ్చేవాళ్ళు కాదు. మేనేజరు చెడ్డవాడేం కాదు. పైనున్న కెమెరా వైపు చూపించి, "నాదేముందమ్మా, చూసేవాళ్ళు వేరే ఉన్నారు. నువ్వు కూర్చుంటే ముందు నా కుర్చీ లేస్తుంది" అన్నాడు.

సాయంత్రానికి పాదాలు ఉబ్బిపోయి చెప్పులు పట్టేవి కావు. పొద్దునకి వాపు తీసేది, మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చేది. కొన్నాళ్ళకి పొద్దునకి కూడా తీయడం మానేసింది. చీలమండ పైన చర్మం కాఫీ మరక పడ్డట్టు గోధుమరంగుకి తిరిగింది. దురద. గోకితే పొట్టు రాలేది. అప్పుడు గానీ ఆమె మొగుడు, వ్యాను తోలుకునే మనిషి, పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు.

డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టి కాదు, నిలబెట్టి చూసింది. "పడుకుంటే ఇవి దాక్కుంటాయి" అంది.

"ఈ నరాలు బలహీనమయ్యాయంటారా?" అన్నాడు మొగుడు.

"నరాలు కాదండీ, సిరలు. నరాలు కబురు మోస్తాయి, సిరలు రక్తం మోస్తాయి. గుండె నుంచి కిందికి దిగడం రక్తానికి సులువు, తిరిగి పైకి ఎక్కడమే కష్టం. ఎక్కే దారిలో చిన్న చిన్న తలుపులుంటాయి. రక్తం దాటగానే మూసుకుంటాయి, వెనక్కి జారకుండా. నడుస్తుంటే పిక్క పిండి పైకి తోస్తుంది. ఊరికే నిలబడితే ఎవరు తోస్తారు? అక్కడే నిలిచిపోయి బరువంతా తలుపుల మీద పడుతుంది. ఒకటి వదులైతే దాని కిందిది మొయ్యాలి."

పెద్దక్కకి తన కొట్టులో షట్టరు పట్టు తప్పి జారిన రోజు గుర్తొచ్చింది.

"నాది ఎంతవరకొచ్చింది?" అని అడిగింది.

"గీతలు మొదటి మెట్టు. తాళ్ళలా ఉబ్బడం రెండు. వాపు మూడు. చర్మం రంగు మారి గట్టిపడితే నాలుగు. అక్కడున్నావు."

"అయితే ఇంకా పై మెట్లున్నాయా?"

"ఉన్నాయి. పుండు పడుతుంది. అది మానిపోతే అయిదు, మానకుండా తెరుచుకుని ఉంటే ఆరు. ఎక్కేకొద్దీ కష్టమే తప్ప, చివర సర్టిఫికెట్టు ఇవ్వరమ్మా." డాక్టరమ్మ నవ్వబోయి మానేసింది. "బిగువు మేజోళ్ళు రాస్తాను. రోజులో కాసేపైనా కాళ్ళు గుండెకన్నా ఎత్తులో పెట్టుకో. పాడైన సిరని లోపలినుంచే కాల్చి మూసేసే పద్ధతి ఉంది. త్వరగా చేయించుకో. గంటల తరబడి నిలబడ్డం మానెయ్. ఇదిగో, ఇక్కడ సిర చర్మానికి మరీ దగ్గరగా వచ్చింది. దెబ్బ తగలనివ్వకు."

"నిలబడ్డం ఎలా మానేదండీ? నిలబడ్డమే నా ఉద్యోగం."

దానికి డాక్టరమ్మ దగ్గర మందు లేదు. మేజోళ్ళ చీటీ రాసిచ్చింది. గది మూల నిలబడ్డ కుర్చీని చూసి నర్సు, "దీన్ని కాస్త జరపండమ్మా, స్ట్రెచర్ రావాలి" అంది.

ఇంటికొచ్చాక మొగుడు, "మానెయ్. ఎలాగోలా నెట్టుకొద్దాం" అన్నాడు. అన్నాడే గానీ ఆ గొంతులో ఎలాగన్నది లేదు. వ్యాను మూడొంతులు మెకానిక్కు దగ్గరే ఉంటోంది. అత్తగారు చీర కొంచెం పైకి లాగి తన కాళ్ళు చూపించింది. మోకాళ్ళ కింద కాలిన కట్టెల్లా నల్లగా ఉన్నాయి.

"మా మిల్లులో అందరికీ ఇంతే. అందరికీ ఉంటే అది జబ్బు కాదనుకున్నాం" అంది. "నువ్వు నాలా అనుకోకు." ఆ మాటకి కోడలు ఏడ్చింది. అనుకోకపోతే ఏం చెయ్యాలో అత్తగారికీ తెలీదు.

ఆపరేషనుకి సెలవడిగితే మేనేజరు, సీజను అయ్యాక చూద్దామన్నాడు. సీజను అయ్యాక తగ్గింపు ధరల నెల వచ్చింది. ఆ నెల్లోనే చీలమండ దగ్గర పుండు పడింది. కట్టు కట్టుకుని, దాని మీద మేజోడు బిగించి, దాని మీద నవ్వు బిగించి నిలబడేది. ఎన్నో వారాలకి ఆ పుండు మానింది. మానిన చోట చర్మం సిగరెట్టు కాగితంలా పల్చగా మెరిసేది. "అయిదో మెట్టు ఎక్కేశానే" అంది బిల్లులు రాసే అమ్మాయితో. ఆమెకీ ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉంది, ఆమె కూడా పొద్దుగూకులూ నిలబడే బిల్లులు రాసేది. పెద్దక్క నవ్విందని తనూ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఇంతలో కుర్చీ ఒక తంటా తెచ్చిపెట్టింది. గుమ్మం పక్కనున్న దాని మీద ఒకాయన కూర్చుని, "పాత పనితనం, బాగుంది, ఎంతకిస్తారు?" అని బేరం మొదలుపెట్టాడు. మేనేజరుకి నోరు కట్టుకోవడం చేతకాదు, ఏదో ధర చెప్పాడు. కుర్చీ ఆయన్ని మోసుకుంటూనే లేచి, లోపలికి నడిచి, పెద్దక్క వెనక ఆగింది. ఆయన దిగి, ప్యాంటు దులుపుకుని, "బుద్ధి లేని సరుకు" అని వెళ్ళిపోయాడు. మేనేజరు ఆ రోజు నుంచి పని గంటల్లో దాన్ని గోదాములో పెట్టి తాళం వేయించాడు. మొదటి రెండు రోజులూ లోపల్నుంచి టక్ టక్‌మని వినిపించింది. తర్వాత ఆగిపోయింది. పెద్దక్కకి ఆ నిశ్శబ్దమే ఎక్కువ బాధగా ఉండేది.

ఆ వారం ఒక మధ్యాహ్నం భార్యాభర్తలు వచ్చారు. ఆమెకి బూడిదరంగు సోఫా కావాలి, ఆయనకి గోధుమరంగుది. ఆ రెంటి మధ్యా పెద్దక్క చాలాసేపట్నుంచి తిరుగుతోంది. భార్య మెత్తబడి, "సరే, మీ ఇష్టం" అనబోతున్న సమయానికి, పెద్దక్క పక్కకి జరగబోతే గాజు టీపాయి అంచు చీలమండకి రాసుకుంది. నొప్పి లేదు. గీరుకుందేమో అనుకుంది. కాసేపటికి చెప్పులో వెచ్చగా తగిలింది.

"దీని కవర్లు విప్పి ఉతుక్కోవచ్చు మేడమ్" అంటూనే ఉంది.

"అయ్యో, మీ కాలు!" అంది ఆవిడ.

పెద్దక్క కిందికి చూసింది. మేజోడు తడిసి, చెప్పు నిండి, తెల్లటి నేల మీద ఎర్రగా పారుతోంది. చిన్న రంధ్రం, అందులోంచి సన్నగా ధార. "పర్లేదు మేడమ్, తుడిపిస్తాను" అంది. అని, తుడవడానికి వంగబోయి ఆగిపోయింది, గది గిర్రున తిరిగింది కనుక.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. రంగు పోయిన మొహంతో, "కూర్చో, కూర్చో తల్లీ!" అన్నాడు. ఎన్నేళ్ళకో ఆ మాట. గది నిండా సోఫాలు. పెద్దక్క చుట్టూ చూసింది, మరక పడకుండా దేని మీద కూర్చోవచ్చా అని. ఇది తెలుపు. అది అమ్ముడుపోయింది, సాయంత్రం బండి వస్తుంది. ఇది వెల్వెట్టు, దీనికి నీళ్ళు కూడా తగలకూడదు. ఒక్కటీ తోచలేదు. అలాగే నిలబడి ఉంది. నిలబడ్డకొద్దీ ధార ఆగడం లేదు. బిల్లుల అమ్మాయి కాళ్ళు కదలక కౌంటరు పట్టుకుని చూస్తోంది. కొనడానికి వచ్చిన ఆయన ఫోను తీసి ఎవరికి చేయాలో తోచక చేత్తో పట్టుకున్నాడు. అంతమంది ఉన్నారు, ఒక్కరికీ ఏం చేయాలో తెలీదు.

గోదాము వైపు నుంచి చెక్క విరిగిన చప్పుడైంది. తర్వాత పరుగు. కుర్చీ మంచాల మధ్య నుంచి, బీరువాల పక్క నుంచి వచ్చి ఆమె మోకాళ్ళ వెనక మెత్తగా తగిలింది. పెద్దక్క దాని మీద కూలబడింది. అది అక్కడితో ఆగలేదు. ముందు కాళ్ళు ఎత్తి, మెల్లగా, పసిబిడ్డని పడుకోబెడుతున్నట్టు, వెనక్కి వెనక్కి వాలి వీపు నేలకి ఆనించింది. పెద్దక్క వీపు దాని వీపు మీద, పిక్కలు కుర్చీ అంచు మీద, పాదాలు పైకప్పు వైపు. ధార చుక్కలయింది.

అప్పుడు బిల్లుల అమ్మాయి కాళ్ళకి కదలిక వచ్చింది. కొత్త దిండు గలీబు చించి మడిచి, గాయం మీద పెట్టి రెండు చేతులా అదిమి పట్టుకుంది. అంబులెన్సు వచ్చేదాకా తీయలేదు.

"నిలబడి ఉన్నా, కుర్చీలో మామూలుగా కూర్చోబెట్టినా మనిషి దక్కేది కాదు" అంది డాక్టరమ్మ. "పడుకోబెట్టి, కాలెత్తి, అదిమి పట్టడం. అంతే వైద్యం. ఎవరికి తట్టింది?"

"కుర్చీకి" అన్నాడు మొగుడు. డాక్టరమ్మ అలాగే రాసుకుంది.

పాడైన సిరలు రెండు కాళ్ళలోనూ మూసేశారు. పెద్దక్క తిరిగి పనిలో చేరేసరికి డాక్టరమ్మ చీటీకి భయపడి మేనేజరు రోజుకో గంట కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు వేయించాడు. పైవాళ్ళని అడిగి, ఆమె ఒక్కదానికే, ఆమెకి మాత్రమే అని ఒప్పించానన్నాడు. అలా ఒప్పించడానికి ఆయన ఎంత వంగి ఉంటాడో ఆమెకి తెలుసు. థాంక్స్ చెప్పింది. చర్మం మీది గోధుమరంగు అలాగే ఉంది. అది ఇక పోదని ముందే చెప్పారు.

ఆ సాయంత్రం షట్టరు దిగాక ఆమె బయటికొచ్చి, అలవాటుగా నాలుగడుగులు వేసి ఆగింది. వెనక చప్పుడు లేదు. తిరిగి చూసింది. కుర్చీ బిల్లుల అమ్మాయి వెనక నిలబడి ఉంది.

ఆ అమ్మాయి రోడ్డు దాటబోతే అదీ కదిలింది. ఆగితే ఆగింది. "అక్కా, ఇదేంటి నా వెంట పడింది? నాకేం లేదు. చూడు, ఒక్క గీత కూడా లేదు" అంటూ అక్కడే వంగి పిక్కలు చూపించింది. నిజమే, నున్నగా ఉన్నాయి. "సాయంత్రానికి కాళ్ళు కాస్త రాళ్ళు కట్టినట్టుంటాయి, అంతే. అది అందరికీ ఉంటుందిగా?"

పెద్దక్క మర్నాడు ఆమెని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ నిలబెట్టి చూసింది. యంత్రం పెట్టి లోపలి చప్పుడు విన్నది.

"పైకేం కనబడదు. బరువూ, లాగడం, అంతే. దీన్ని సున్నా అంటాం" అంది. "ఈ మెట్టులో నా దగ్గరికి ఎవరూ రారు. ఎలా వచ్చారు?"

బిల్లుల అమ్మాయి తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర కుర్చీ నిలబడి ఉంది.

ఆ మధ్యాహ్నం ఆమె కౌంటరు వెనక దాన్ని వేసుకుని కూర్చుంది. కూర్చునే బిల్లు రాసింది. మేనేజరు గబగబా వచ్చాడు, నోరు తెరిచాడు. కొత్త చెక్క అతికించిన గోదాము తలుపు వైపు ఒకసారి చూశాడు, కెమెరా వైపు ఒకసారి చూశాడు. చేతులు రెండూ ఊరికే గాల్లోకి లేచి కిందికి దిగాయి. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

స్టూలు మీద కూర్చునే గంట అయిపోవడంతో పెద్దక్క లేచింది. ఎవరో లోపలికి వస్తున్నారు. దిండు చెవులు సర్ది, మేజోడు పైకి లాక్కుని, వాళ్ళకి ఎదురు వెళ్ళింది.