బట్టమేక గుడ్డు

1961లో కోస్గి మిడిల్ స్కూలుకు సైన్సు చెప్పడానికి యోహాను అనే పంతులు వచ్చాడు. సొంత ఊరు నల్లగొండ జిల్లా కేతేపల్లి. తండ్రి అక్కడ పరాయి పొలాల్లో కూలి చేసేవాడు. ఆ ఇంట్లో నెలజీతం అందుకున్న మొదటి మనిషి యోహానే. నవ్వడం తక్కువ.

ఆ యేడు పాలమూరులో జిల్లా సైన్సు ప్రదర్శన ఉందని కాగితం వచ్చింది. మిగతా పంతుళ్లు నీటి పంపులూ బల్బులూ ఎంచుకున్నారు. యోహాను దీవుల్లో అంతరించిన జంతువులను ఎంచుకున్నాడు. మంచుయుగం ముగిశాక మనుషులు పడవలెక్కి ఏ వేడి దీవిలో దిగినా, అక్కడి పక్షులూ తాబేళ్లూ ఒక్కొక్కటే లేకుండా పోయాయని ఒక పాత పుస్తకంలో చదివాడు. హెడ్మాస్టరు విని, "కోస్గిల వానకే దిక్కు లేదు, నీకు సముద్రమెందుకయ్యా?" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు. వద్దంటే ఇంకో అంశం తానే చెప్పాల్సి వచ్చేది.

పటాలు యోహానే గీశాడు. డోడో పక్షి బొమ్మను మాత్రం నిలువెత్తున చేయించాలనుకుని, ఊరి చివర ఈతాకు బుట్టలల్లే గాలయ్య దగ్గరకు పోయాడు. గాలయ్యకు యాభై దాటాయి. ఒకప్పుడు వలపన్ని పిట్టలు పట్టేవాడు. దొర ఇంటికి కూరకు పెద్ద పిట్ట కావాలంటే అతడే తేవాలి. దొరల పెత్తనం పోయాక వల చూరెక్కింది, బుట్టలు మిగిలాయి.

గాలయ్య పుస్తకంలోని బొమ్మను తిప్పి తిప్పి చూశాడు. "ముందరి దిక్కే ఉంది. ఎనుక ఎట్లుంటది సారూ?"

"తెల్వదు గాలన్నా. పుస్తకంల అంతే ఉంది."

"సూసినోళ్లను అడగరాదు?"

"సూసినోళ్లు సచ్చిపోయి మూడొందలేండ్లాయె."

గాలయ్య భార్య ఈదమ్మ ఆకు చీలుస్తూ తల ఎత్తకుండానే, "అయితె ఎట్ల జేసినా తప్పు కాదు తియ్యి" అంది.

నాలుగు రోజులు పట్టింది. బడి వదిలాక యోహాను వచ్చి, అల్లుతున్న గాలయ్యకు ఆ పిట్ట కథ చెప్పేవాడు. మారిషస్ అనే దీవి. అక్కడ దాన్ని తరిమే జంతువు లేదు, ఎగరాల్సిన పని పడక రెక్కలు చిన్నవైపోయాయి. ఒకనాడు ఓడలవాళ్లు దిగారు. వాళ్లతో పాటు పందులూ కోతులూ ఎలుకలూ దిగాయి. వందేళ్లలోపే ఒక్క పిట్టా మిగలలేదు.

"గుడ్డు యాడ పెడుతుండె?"

"నేల మీదనే. ఒక్కటే గుడ్డు."

గాలయ్య చెయ్యి ఆగింది. "మా బట్టమేక గూడ గంతే గద సారూ."

బట్టమేక అంటే బీడు భూముల్లో తిరిగే పెద్ద పిట్ట. నిలబడితే మనిషి నడుము దాకా వస్తుంది. గాలయ్య దొరకు పట్టి ఇచ్చింది దాన్నే.

"గిప్పుడున్నయా?" అని యోహాను అడిగాడు.

ఆఖరిసారి ఎప్పుడు చూశాడో గాలయ్యకు గుర్తు రాలేదు. ఈదమ్మే చెప్పింది: "మన చిన్నదాని పెండ్లి యాళ్ల సూసినవ్. ఆరేండ్లాయె."

డోడోకు కోడి ఈకలు అతికించి, బస్సు టాపు మీద కట్టి పాలమూరు తీసుకుపోయారు. దారిలో గాలికి తోక ఊడిపోయింది. ప్రదర్శనలో ఆ సంగతి ఎవరూ గమనించలేదు, తోక ఉండాలని ఎవరికీ తెలియదు కాబట్టి. రెండు రోజుల్లో చూడవచ్చిన జనం యోహానును దాదాపు ఒకటే ప్రశ్న అడిగారు: కూర ఎట్లుంటది? రుచి అంత బాగుండేది కాదట అని చెబితే, మరి ఎందుకు తిన్నరు అన్నారు. బహుమతి ఒక నీటి పంపుకు వచ్చింది. తిరుగు బస్సులో జాగా దొరక్క డోడోను అక్కడే ఇంకో బడివాళ్లకు ఇచ్చేశారు. వాళ్లు దాని కింద నెమలి అని రాసి పెట్టుకున్నారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యేసరికి గాలయ్య వచ్చి యోహాను ఇంటి ముందు నిలబడ్డాడు. "నడువుండ్రి సారూ, బట్టమేకను సూసొద్దం."

నాలుగు ఆదివారాలు తిరిగారు. గాలయ్య బీడు అని తీసుకుపోయిన చోటల్లా పల్లికాయ చేనో ఆముదం చేనో ఉంది. నాలుగోసారి రాళ్లూ గడ్డీ ఉన్న చిన్న చెలక దగ్గర ఆగాడు. ఒక మూల నుంచి చూస్తే ఇంకో మూల కనిపిస్తోంది.

"సుట్టూ దున్నిర్రు. నడుమ గింత మిగిలింది. గిది గూడ దీవే గద సారూ."

యోహాను మూడు పటాలు గీసి కూడా అంత బాగా చెప్పలేకపోయాడు.

పిట్ట కనిపించలేదు గానీ రెట్ట కనిపించింది. యోహాను ఇంటికి పోయి, ఈ బీడును కాపాడాలని ఒక పెద్ద ఆఫీసుకు ఉత్తరం రాశాడు. ఐదు నెలలకు జవాబు వచ్చింది. సదరు పక్షి ఉన్నట్టు రుజువుగా ఒక నమూనాను, చర్మం చెడకుండా, పంపవలెను.

చదివి వినిపిస్తే గాలయ్య అడిగాడు: "అంటె, సంపి పంపుమంటున్నరా?"

"అట్లనే ఉంది."

"దొర నయం. నోటితోనే చెప్పెటోడు."

శ్రావణంలో ఈతాకు కోయబోయిన గాలయ్య ఆ చెలకలోంచి బట్టమేక లేవడం చూశాడు. లేచిన చోట వట్టి నేల మీద ఒక గుడ్డు ఉంది. తాకకుండా వెనక్కి వచ్చాడు. మరునాటి నుంచి పొద్దున్నే పోయి, బాగా దూరంగా ఒక తంగేడు పొద చాటున కట్టె పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దుగూకితే ఇంటికొచ్చేవాడు. చీకట్లో మనిషి మసిలితే పిట్ట గుడ్డు మీదికి రాదని అతనికి తెలుసు.

మూడో రోజు గొర్ల కాపరి బీరప్ప మందతో వచ్చాడు.

"జర పక్కకు తోలు బీరన్నా. ఆడ గుడ్డుంది."

"దేవునికి పెట్టిందా?"

"పిట్టది."

బీరప్ప అతన్ని ఎగాదిగా చూసి మందను తిప్పుకుపోయాడు. గాలయ్యకు మతి తప్పిందని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసింది. దానివల్ల మిగతా కాపరులు కూడా ఆ దిక్కు రాలేదు.

సద్ది తెచ్చిన ఈదమ్మ, "బుట్టలెవరల్లాలె?" అని తిట్టింది. వారం తర్వాత ఈతాకు అక్కడికే తెచ్చుకుని తానే అల్లడం మొదలుపెట్టింది. ఒకరోజు అల్లుతూ అల్లుతూ అడిగింది: "గిదంత ఎందుకయ్యా నీకు?"

గాలయ్య గుడ్డు దిక్కే చూస్తూ చెప్పాడు. "ఒక్కపారి గుడ్డు మీదున్నదాన్ని పట్టిన. వలల చిక్కినా గుడ్డు మీదికెల్లి లేవలే."

"గుడ్డునేం జేసినవ్?"

"అది గూడ దొరకే ఇచ్చిన."

ఈదమ్మ సద్ది మూట విప్పి అతని ముందు పెట్టింది. అతడు తినలేదు.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం పిల్ల బయటికి వచ్చింది. కబురు విని యోహాను బడి వదిలి పరుగున వచ్చేసరికి పగిలిన పెంకు మాత్రమే ఉంది.

"యాడికి పోయినయ్?"

"తల్లి ఎంట పల్లిచేన్లకు పోయింది. గింతే ఉంది సారూ, మట్టి రంగు. కండ్లు మాత్రం పెద్దయి." చూపించడానికి చేతులు పట్టాడు. ఈదమ్మ ఆకులు మూట కట్టింది. ముగ్గురూ ఊర్లోకి నడిచారు.

మరుసటి యేడు ఆ చెలకకు కూడా పట్టా అయింది. గాలయ్య దున్నేవాళ్లతో ఒక పూటంతా మాట్లాడాడు. వాళ్లు ఓపికగా విన్నారు, తర్వాత దున్నారు. ఆ చుట్టుపక్కల బట్టమేకను చూశామని మళ్లీ ఎవరూ చెప్పలేదు. పిల్లా తల్లీ ఆలంపూర్ దిక్కు పోయుంటాయని, అక్కడ బీడు ఎక్కువని గాలయ్య అనేవాడు. అంగట్లో ఆలంపూర్ మనిషి ఎవరు కలిసినా అడిగేవాడు. వాళ్లు ఉన్నాయనే చెప్పేవాళ్లు. ముసలాయన అడుగుతున్నాడు కదా అని.