మొన లేని కత్తి

ఇంట్లో కత్తులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. కూరగాయలు మాత్రం వంటింటి గట్టు మీదే ఉంచారు.

ఆదివారం పొద్దున. విస్సన్నపేట నుంచి మా అన్నయ్య అంకారావు భోజనానికి వస్తున్నాడు. ఊరికే రావడం లేదు. నాతో మాట్లాడమని మా ఆయన గిరిబాబు ఫోన్ చేసి పిలిపించారు. నాకు బుద్ధి చెప్పడానికి వచ్చే మనిషికి వండిపెట్టాల్సింది కూడా నేనే. గట్టు మీద దోసకాయ, వంకాయలు, ఉల్లిపాయలు ఉన్నాయి. కత్తిపీట కనపడలేదు. దాన్ని అత్తయ్య తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టి వచ్చారట. ఉల్లిపాయ చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, తర్వాత హాల్లోకి వెళ్ళి కత్తి కావాలని అడిగాను.

ఆయన పేపరు మడిచి లేచారు. బీరువా తెరిచి కూరల కత్తి ఒకటి తీసి, తనే పట్టుకుని వంటింట్లోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాక నా చేతికిచ్చారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను కూర తరుగుతుంటే ఆయన పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. టెన్త్ పరీక్షల హాల్లో నేను పిల్లల చేతుల్ని ఎలా చూస్తానో, ఆయన నా చేతుల్ని అలా చూస్తున్నారు. ఉల్లిపాయ ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకు ప్రమీలా. మీ అన్నయ్య వస్తున్నాడుగా," అన్నారు.

"ఉల్లిపాయలండీ," అన్నాను.

తరగడం కాగానే కత్తి కడిగించి, తీసుకెళ్ళి మళ్ళీ తాళం వేశారు. పచ్చిమిర్చి తరగడం మర్చిపోయాను. ఇంకోసారి అడగడానికి మనసొప్పక చేత్తోనే తుంచి వేశాను.

ఇదంతా నేను ఒక కత్తి కొన్నందుకు.

వినీల నా తోడికోడలు. మా మరిది వంశీకృష్ణ భార్య. ఈ వేసవిలో పోయింది. ఇంతకంటే పొడవైన వాక్యంలో ఆ సంగతి చెప్పడం నాకింకా చేతకావడం లేదు. వాళ్ళు పైవాటాలో ఉండేవాళ్ళు, వంట మాత్రం అందరికీ కిందే. తెల్లారి నేను కుక్కరు పెడితే తను టిఫిను పని అందుకునేది. నా క్యారేజీ సర్ది, మూత పెట్టే ముందు ఏదో ఒకటి అదనంగా పడేసి, "అక్కా, స్టాఫ్‌రూంలో అందరికీ పంచకు, నువ్వు తిను," అనేది. ఈ ఇంట్లో నేను తిన్నానో లేదో అడిగిన మనిషి తనొక్కతే.

తోడికోడలు పోతే ఎంత ఏడవాలో ఎవరూ చెప్పలేదు. మరిదికి భార్య పోయింది, అత్తయ్యకి కోడలు పోయింది, అక్కడ వినీల వాళ్ళ అమ్మకి కూతురు పోయింది. పరామర్శకి వచ్చినవాళ్ళు వీళ్ళ పక్కన కూర్చుని చేతులు పట్టుకున్నారు. నేను కాఫీలిచ్చాను. పంచదార తక్కువైందని ఒకావిడ గ్లాసు వెనక్కి పంపించింది. బడిలో సెలవు పొడిగించమని అడిగితే హెడ్మాస్టరు గారు కాగితం చూడకుండానే, "తోడికోడలే కదా మేడమ్, సొంత చెల్లెలైతే అనుకోవచ్చు," అన్నారు. పేపర్లు దిద్దే డ్యూటీ నుంచి ఆడవాళ్ళు తప్పించుకుంటున్నారని అంతకు ముందు రోజే ఎవరో ఆయనతో అన్నారట. మర్నాడు వెళ్ళి పేపర్లు దిద్దాను. ఏ పేపరుకి ఎన్ని మార్కులు వేశానో నాకు తెలియదు కాని, తప్పులేమీ దొర్లలేదని చెప్పారు.

నెమలి అనే ఊళ్ళో ఉన్న స్వామి గుడికి వెళ్ళి వస్తున్నాం ఆరోజు. రెండు బండ్లు, రెండు జంటలు. బయల్దేరేటప్పుడు వినీల చుడీదార్ మీద చున్నీ వేసుకోలేదు. గుడికి వెళ్తూ చున్నీ లేకుండానా అని అత్తయ్య గుమ్మంలోనే ఆపితే, లోపలికి వెళ్ళి వేసుకొచ్చింది. తిరుగు ప్రయాణంలో మా బండి వెనకుంది. చున్నీ కొస భుజం మీంచి జారి చక్రం వైపు వెళ్ళడం నేను చూశాను. అరిచాను. గాలికి వాళ్ళకి వినపడలేదు.

బండి ఆగాక చూస్తే చున్నీ చున్నీలా లేదు. మెలితిరిగి ఇనుప తీగలా బిగుసుకుపోయింది. మెడకీ గుడ్డకీ మధ్య నా వేలు దూరలేదు. గోళ్ళతో లాగాను, పళ్ళతో కొరికాను. చుట్టూ జనం చేరారు. ఒకరు నూట ఎనిమిదికి ఫోన్ చేశారు, ఒకరు చక్రం వెనక్కి తిప్పమన్నారు, ఒకరు చక్రమే విప్పమన్నారు, పానా ఎవరి దగ్గరా లేదు. ఎవరో తాళాల గుత్తికున్న మడత కత్తి తీసిచ్చారు. గట్టిగా నొక్కేసరికి అది నా వేలి మీదకే మడుచుకుంది. చివరికి మామిడితోటలోంచి ఒకామె కొడవలి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఒక్క లాగుకి తెగింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

చున్నీ దగ్గర పెట్టుకోవాలి కదా అన్నారు అందరూ. వచ్చినవాళ్ళు అన్నారు, ఫోన్ చేసినవాళ్ళు అన్నారు, స్టాఫ్‌రూంలో అన్నారు. ఈ కాలం పిల్లలకి ఒంటి మీద గుడ్డ ధ్యాస ఉండదన్నారు. వద్దనుకున్న చున్నీని గుమ్మంలో ఆపి మరీ వేయించిన అత్తయ్య కూడా అదే మాట అన్నారు.

ఎవరూ అనని మాట ఒకటుంది. కొత్త బండి కొన్నప్పుడు వెనక చక్రం పక్కన ఇనప కమ్మీల చట్రం ఒకటి బిగించి ఇస్తారు. శారీ గార్డు అంటారు. చీర కొంగులూ చున్నీలూ చక్రంలో పడకుండా ఆపడానికే అది. బండి అందం చెడుతోందని మరిది దాన్ని ఊడదీయించాడు. అదే మెకానిక్ దగ్గర మా ఆయన కూడా తన బండికి తీయించుకున్నారు. అన్నదమ్ములిద్దరూ ఇంటికొచ్చి బండ్లు పక్కపక్కన నిలబెట్టి ఫోటో కూడా తీసుకున్నారు.

ఆ బండి వెనకే నేను రోజూ చీర కట్టుకుని, ఒక పక్కకి కూర్చుని బడికి వెళ్తాను. ఇప్పుడు కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుంటాను. బడి చేరేసరికి వేళ్ళు తిమ్మిరెక్కి చాక్‌పీస్ నిలవదు. గార్డు మళ్ళీ పెట్టించమని మా ఆయన్ని అడిగాను. ఆయన బండి తుడుస్తున్న గుడ్డ మడిచి పక్కన పెట్టారు. తర్వాత నెమ్మదిగా, "ఇప్పుడు పెట్టిస్తే తమ్ముడేమనుకుంటాడు ప్రమీలా? తప్పు వాడిదేనని వేలు పెట్టి చూపించినట్టుంటుంది. వాడసలే సగం చచ్చి ఉన్నాడు. కొన్నాళ్ళు పోనీ," అన్నారు.

ఆయన చెడ్డగా అనలేదు. తమ్ముడి మీద ప్రేమతోనే అన్నారు. అందుకే ఆ మాటని ఎటు తిప్పి చూసినా నాకు విసుగు తప్ప ఇంకేమీ రాలేదు. మరిది మనసు నొచ్చుకోకుండా ఉండాలంటే నేను రోజూ గార్డు లేని చక్రం పక్కన కూర్చోవాలి. నా మెడ కంటే అతని మనసు మెత్తనిదన్నమాట. సరే, ఎవరినీ నొప్పించని దారి ఏదైనా ఉందా అని వెతికాను. మొదటి నుంచీ నాకున్న అలవాటే అది. అలా వెతికితే దొరికింది కత్తి.

ఒక జిప్పు సంచీ కొన్నాను. అందులో దూది, కట్టు గుడ్డ, టార్చి, ఈల, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కత్తెర పెట్టాను. ఆపదకి పనికొస్తుందని ఎప్పుడూ చేతిసంచీలో ఉంచుకుందామనుకున్నాను. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. "ఆరెంపీ డాక్టరమ్మా, జ్వరానికి మాత్రుందా?" అని మా ఆయన నవ్వారు కూడా. ఇంట్లో ఒక పాత పాలియెస్టర్ చున్నీని మెలిపెట్టి కిటికీ ఊచకి కట్టి చూస్తే, కత్తెర దవడల మధ్యకి ఆ మెలిక ఎక్కనే లేదు. కూరల కత్తి వంగింది. దాని రేకు ప్లాస్టిక్ పిడిలోకి రెండు వేళ్ళ మేర కూడా దిగలేదు. గట్టి కత్తి కావాలని నేనంటే మా ఆయన ఫోన్లో ఒకటి చూపించారు. వీపు మీద రంపపు పళ్ళు, పిడి లోపల డొల్ల, పిడి చివర దిక్సూచి. మా తిరువూరు నుంచి నా బడికి దిక్కులు చూసుకుంటూ వెళ్ళాలేమో. ధర చూస్తే నా రెండు పట్టుచీరల డ్రైక్లీనింగు. వద్దన్నాను.

మెయిన్ రోడ్డు మీద జోజిబాబు ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళాను. అతని పిల్లలు నా దగ్గరే చదివారు. మడతపడనిది, పిడి చివరిదాకా ఇనుము ఉన్నది కావాలన్నాను.

"ఏం కోయడానికి మేడమ్?"

"గుడ్డ."

"గుడ్డకి కత్తెర సరిపోద్ది కదండి."

"బిగుసుకుపోయిన గుడ్డ."

అతను నా మొహం వైపు చూసి, చూపు దించుకున్నాడు. మా ఇంటి సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. "సార్‌ని పంపించండి మేడమ్. మంచిది చూసిస్తాను," అన్నాడు.

"పిల్లల్ని నాకు అప్పజెప్పారు కదా జోజిబాబూ, ఒక కత్తి అప్పజెప్పలేరా?"

నవ్వలేక నవ్వి నాలుగైదు తీసి బల్ల మీద పరిచాడు. నేను తొందరపడలేదు. ఒకదానికి పిడి వదులు. ఒకటి చేతికి మించి పొడుగు. చివరికి జానెడు కూడా లేనిది ఒకటి తీసుకున్నాను. వీపు మందం, చెక్కపిడి, పిడి అవతలి కొస దాకా వచ్చిన ఇనుము, దాన్ని పట్టి ఉంచే మూడు రివిట్లు, తోలు ఒర. జాకెట్టు కుట్టుకూలీ కంటే తక్కువే అయింది. ఒక్క పని చేసిపెట్టమన్నాను. మొన అరగదీసి గుండ్రంగా చేయమన్నాను. మెడకీ గుడ్డకీ మధ్య దూర్చేటప్పుడు మొన గుచ్చుకోకూడదు. వీపు మెడ వైపు, పదును బయటికి. ఎన్నోసార్లు కళ్ళు మూసుకుని ఆలోచించి పెట్టుకున్న సంగతి ఇది. సానరాయి మీద నిప్పురవ్వలు లేస్తుంటే అక్కడే నిలబడి చూశాను. ఈ వేసవి తర్వాత నా మనసుకి కాస్త ఊరట అనిపించింది అప్పుడే.

నేను ఇల్లు చేరేలోపే జోజిబాబు మా ఆయనకి ఫోన్ చేసేశాడు.

నాకా సంగతి తెలియదు. చున్నీని తడిపి, మెలిపెట్టి కిటికీ ఊచకి కట్టి, రెండో కొస ఎడమచేతికి చుట్టుకుని లాగి పట్టుకుని, కుడిచేత్తో కత్తి తీశాను. ఒక్క లాగుకి తెగింది. ఇంకోసారి కడుతుండగా ఆయన గుమ్మంలోకి వచ్చారు. ఊచకి వేలాడుతున్న గుడ్డ, నా చేతిలో కత్తి. ఆయన అరవలేదు. మంచం మీద కూలబడి చెమట తుడుచుకున్నారు. నేను వివరంగా చెప్పాను. మెడకి బిగిస్తే కోయడానికని చెప్పాను, మొన అందుకే తీయించానని చూపించాను. ఎంత చెప్పినా ఆయన చూపు మాత్రం ఆ ఊచ మీంచి కదల్లేదు. సాయంత్రానికి ఫోన్లో ఏవో వీడియోలు చూసి నాది డిప్రెషన్ అని తేల్చారు. కత్తులన్నీ బీరువాలోకి వెళ్ళాయి. చున్నీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

అన్నయ్య పన్నెండింటికి వచ్చాడు. భోజనాలకి కూర్చున్నారు: అన్నయ్య, మా ఆయన, మరిది, అత్తయ్య. వినీల పోయాక మరిది క్యారేజీ, అతని బట్టలు, పైవాటా ఊడ్పు కూడా నా మీదే పడ్డాయి. ఎవరూ చేయమనలేదు. ఎవరూ వద్దనలేదు. అన్నయ్య పప్పులో నెయ్యి వేయించుకుని మొదలుపెట్టాడు. పదిమందికి చెప్పేదానివి నువ్వే ఇలా అయితే ఎలాగమ్మా అన్నాడు. పోయినవాళ్ళు పోయారు, ఉన్నవాళ్ళ మొహం చూసుకోవాలన్నాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు. దోసకాయ పప్పు బాగుందన్నాడు.

"మొన్నట్నుంచీ ఇంట్లో ఎవరికీ తిన్నది ఒంటబట్టట్లేదు నాయనా," అన్నారు అత్తయ్య. "ఏం లేదు, ఒకసారి వీళ్ళిద్దరూ బండి మీద నెమలి వెళ్ళి స్వామిని చూసి వస్తే మనసు కుదుటపడుద్ది. తను చీరే కట్టుకుంటది కదా, ఇంక భయమేముంది."

వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేశాను. మా ఆయన నా వైపు చూసి వద్దన్నట్టు తలూపారు. నేను ఏం అనబోతున్నానో ఆయనకి తెలుసు. అంటే, ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

"చీర కొంగు కూడా చున్నీ లాంటిదే అత్తయ్యా," అన్నాను. "వినీల పోయింది చున్నీ దగ్గర పెట్టుకోక కాదు, బండికి శారీ గార్డు లేక. ఈయన బండికి కూడా లేదు. పెట్టించమంటే తమ్ముడు మనసు కష్టపెట్టుకుంటాడన్నారు. అందుకని కత్తి కొనుక్కున్నాను. చావాలని కాదు, చావకూడదని."

అన్నయ్య ముద్ద ఆపి మా ఆయన వైపు చూశాడు. "నిజమేనా బావా?" అన్నాడు.

"వాడు తింటుంటే ఇప్పుడెందుకు ఇవన్నీ," అన్నారు మా ఆయన.

మరిది కంచంలోంచి తలెత్తలేదు. "తీయించింది నేనే వదినా," అన్నాడు. మెతుకులు ఒక పక్కకి తోస్తూ, "ఎవరో ఒకళ్ళు అడుగుతారని చూస్తున్నాను. ఎవరూ అడగలేదు," అన్నాడు. లేచి చెయ్యి కడుక్కుని పైకి వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని అడుగులు పైదాకా వినపడ్డాయి. ఇన్నాళ్ళూ అతని కోసం నోళ్ళు కట్టుకున్నాం, అతనేమో ఒక్కడూ పైన కూర్చుని ఆ మాట కోసమే ఎదురుచూశాడు. అతని మీద కోపం పోలేదు నాకు. కాని ఆ క్షణంలో ఈ ఇంట్లో వినీల గురించి నిజం మాట్లాడిన మనిషి అతనొక్కడే.

"అన్నం ముందు నుంచి లేపేశావు కదమ్మా వాణ్ణి," అన్నారు అత్తయ్య.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. ముందు ఆ గార్డేదో పెట్టించెయ్ బావా, దీనికింత రాద్ధాంతం ఎందుకన్నాడు. తగువు తీర్చిన పెద్దమనిషిలా వెనక్కి వాలి, మజ్జిగ అడిగాడు. వేశాను.

"సరే, రేపే పెట్టిస్తాను, సరేనా?" అన్నారు మా ఆయన. ఆయన గొంతులో ఏదో ఇచ్చేస్తున్న ధోరణి ఉంది. "ఇంక ఆ కత్తితో పనేముంది?"

"పెట్టించండి. నేను మాత్రం రేపట్నుంచి షేర్ ఆటోలో వెళ్తాను," అన్నాను. "బీరువా తాళం ఇటివ్వండి. ఆ దారిలో ఇంకా ఎంతమందో వాళ్ళ వాళ్ళ మొగుళ్ళ వెనక కూర్చుని వస్తుంటారు."