మింగిన నీడ

ఎత్తైన మేడల అద్దాలు తుడవడంలో ఆ అక్కాచెల్లెళ్లిద్దరూ ఆరితేరినవాళ్లు. పక్కపక్కనే తాళ్లకు వేలాడుతూ వైపర్‌తో ఒక్క లాగు లాగితే చాలు, మబ్బులు మొహాలు కడుక్కుని అద్దంలోకి వచ్చేసేవి. వాటి మధ్య ఊగుతుంటే తాను మేడ బయట ఉందో, ఆకాశం లోపల ఉందో అక్కకి తెలిసేది కాదు. ఆ మైమరపు కోసమే బతికేది, పిచ్చిది!

కిందటేడు అక్క ముక్కు పక్కన ఎండ వల్ల పుట్టిన క్యాన్సర్ మచ్చ ఒకటి కోసి తీశారు. "మళ్లీ వచ్చిందంటే తాడు దిగాల్సిందేనమ్మా," అంది డాక్టరమ్మ. అక్కాచెల్లెళ్లిద్దరినీ ఎండ సోకకుండా క్రీము పూసుకోమంది, టోపీ పెట్టుకోమంది. వాటికి తోడుగా అక్కకి ఫెర్న్ అనే నీడమొక్క సారంతో చేసిన మాత్రలు కూడా రాసింది.

మాత్రలు అక్కకి తెగ నచ్చాయి. పొద్దున్నే ఒకటి మింగి తాడెక్కితే, ఆ మొక్క ఒంట్లో మెల్లగా ఆకులు విప్పుతున్నట్టుండేది. మొహం మీద ఎండ మండుతున్నా చర్మం కింద ఎక్కడో చల్లటి పచ్చటి అడవి. అందులో నడుచుకుంటూనే ఆమె అద్దాలు తుడిచేది.

ఇక క్రీమంటారా, దాని గొడవ చెప్పక్కర్లేదు! ఎంత కడుక్కున్నా వేళ్ల జిడ్డు వదలదు. తుడిచిన అద్దానికి చెయ్యి ఆనిందా, ముద్ర పడ్డట్టే, పని మళ్లీ మొదటికొచ్చినట్టే.

"లోపల ఇంత నీడ ఉండగా పైన ఈ పూత దేనికే?" అంది ఒకరోజు చెల్లెలితో. తన సీసాని అటకెక్కించింది.

చెల్లెలు నవ్వింది. అక్క మాట ఆమెకి చిన్నప్పట్నుంచీ వేదవాక్కు.

ఏడాది తిరిగాక పరీక్షకి ఇద్దరూ కలిసే వెళ్లారు.  దాచలేక అక్క క్రీము మానేసిన సంగతి కక్కేసింది.

"బావుందమ్మా సంబడం! పెళ్లికొడుకుని ఇంట్లో వదిలేసి తోడుపెళ్లికొడుకుని పీటల మీద కూర్చోబెట్టావా?" డాక్టరమ్మ మండిపడింది. "మాత్ర కాస్త సాయం చేస్తే చేస్తుందేమో. అంతేగానీ క్రీముకి బదులా అది?"

తిడుతూనే భూతద్దంతో ముక్కూ చెవులూ మెడా వెతికింది. "ఏమీ లేదు. ఈసారికి గండం గడిచింది, ఫో."

అక్కకి ప్రాణం లేచొచ్చింది. ఆ గది గోడల మీదే మబ్బులు తేలాయి. రేపు తాడెక్కొచ్చు, ఎల్లుండీ ఎక్కొచ్చు.

"నువ్విలా రామ్మా," అంది డాక్టరమ్మ చెల్లెలితో. ఈసారి గొంతులో కోపం లేదు. భూతద్దం చెల్లెలి చెవి పైఅంచున ఆగిపోయింది. "ఈ మచ్చ ఎప్పట్నుంచుంది? చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి."

అక్క చెల్లెలి భుజం పట్టుకుంది. "నువ్వు... నువ్వు క్రీము పూసుకుంటున్నావు కదే?"

"లేదక్కా. నువ్వు మానేశావుగా, నేనూ అప్పుడే మానేశాను," అంది చెల్లెలు, పూత దేనికన్న తన మాట అక్కే ఎలా మర్చిపోయిందా అన్నట్టు చూస్తూ.