వందకు వంద వద్దన్న అమ్మాయి

"మేడమ్, నాకు వందకు వంద వచ్చింది. తగ్గించండి."

ట్యూటరు తలెత్తింది. ఎదురుగా 'ఎందుకండీ' నిలబడి ఉంది. ప్రతి పాఠంలోనూ ఆ మాటే అడుగుతుందని తోటివాళ్లు పెట్టిన పేరది.

ట్యూటరుకి పొద్దుటి నుంచీ కాలు నిలవడం లేదు. సాయంత్రం పెద్దసారు గదిలో పరీక్ష. పిల్లలకి కాదు, తనకి. సాఫ్ట్‌వేర్ రాసేముందు దాని నమూనాని పెట్టెలు, గీతలతో గీయడం ఆమె నేర్పే పాఠం. ఆ బొమ్మలు దిద్దడానికి తనే ఒక ప్రోగ్రాము రాసింది. అది పిల్లల బొమ్మని తను గీసిన జవాబు బొమ్మతో పోల్చి, తేడాలు చెప్పి, మార్కులు వేస్తుంది. పెద్దసారు మెచ్చి సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంటు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. అమ్మ అప్పుడే ఫోన్ చేసింది కూడా: "మిషన్ అన్నావు, ఏం కుడుతుందే అది?"

"వంద వస్తే ఏడుపేంటమ్మా? రానివాళ్లు నా ప్రాణం తీస్తున్నారు."

"మొదట నేను గీసింది ఇది కాదు మేడమ్."

లెక్క ఆసుపత్రిది. రోగి ఒక పెట్టె, మంచం ఒక పెట్టె. ఆ అమ్మాయి రెండింటి మధ్యా 'చేరిక' అని మూడోది పెట్టింది, రోగి ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ విడిగా రాసుకోడానికి. 'అదనపు పెట్టె, తీసేయండి' అని ప్రోగ్రాము ఎర్రగా రాసింది. తీసేసింది. మార్కులు పెరిగాయి. గీత మార్చమంటే మార్చింది. చివరికి వంద.

"మా అక్క రెండుసార్లు చేరింది మేడమ్. మొదట కిటికీ పక్క మంచం, తర్వాత తలుపు పక్కది. ఈ వంద మార్కుల బొమ్మలో రెండో మంచం రాయగానే మొదటిది ఎగిరిపోతుంది. మరి తీసేయమంది, ఎందుకండీ?"

ట్యూటరు తన జవాబు బొమ్మ తీసి చూసింది. అందులో 'చేరిక' లేదు. ప్రోగ్రాము మీదే ధ్యాసంతా పెట్టి, జవాబు బొమ్మని బస్సులో గబగబా గీసి పడేసింది తనే. మిగతావాళ్ల పాత బొమ్మలు తెరిచింది. ఇంకా కొందరు 'చేరిక' గీశారు. అందరూ బుద్ధిగా చెరిపేశారు.

పెద్దసారుకి ఈ లెక్క కాక ఇంకోటి చూపిస్తే సరిపోతుంది, తప్పు బయటపడదు. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది.

"ఇది ఎవరికైనా చెప్పావా?"

"లేదండీ. ఎందుకండీ?"

సాయంత్రం పెద్దసారు ముందు ఆమె చేతులు ఆ అమ్మాయి మొదటి బొమ్మనే ఎక్కించాయి. తెరమీద నలభై పడింది.

"పాపం, పుస్తకం తెరవని పిల్ల ఎవరో," అని నవ్వాడాయన.

"బొమ్మ సరైనదే సార్. తప్పు నా జవాబుది. పిల్లలు మార్కుల కోసం ఒప్పుని చెరిపి తప్పు గీస్తున్నారు."

"అంటే ఇది పనికిరాదంటావా?"

"ఇలా అయితే పనికిరాదు సార్."

పెద్దసారు పెన్నుకి మూత పెట్టేశాడు. "సరే, వచ్చే ఏడాది చూద్దాం. అప్పటిదాకా చేత్తోనే దిద్దు."

వరండాలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది.

"సంతకం అయిందా తల్లీ?"

"లేదమ్మా. కుట్టు తప్పింది. ఊడదీసి మళ్లీ కుట్టాలి."

"ఎందుకే అంత కంగారు? నిదానంగా కుట్టు."

బెంచీ మీద 'ఎందుకండీ' ఇంకా గోళ్లు కొరుకుతూ కూర్చునుంది. "నా మార్కులు మేడమ్?"

"ఇంకా వేయలేదు. లోపలికి రా." ట్యూటరు ఆ మొదటి బొమ్మని బల్లమీద పరిచి, ఎర్ర పెన్ను తీసింది. "చేరిన తేదీ రాశావు. మీ అక్క ఇంటికి వెళ్లిన తేదీ ఏదీ? రాయలేదు, ఎందుకండీ?"