కళ్ళు కుదరని బొమ్మ

భీమరాజు భార్య భుజం మీద చెయ్యేసుకుని క్యాజువాలిటీ గుమ్మంలోకి వచ్చేసరికి, హౌస్ సర్జన్ సత్యదుర్గ పెన్సిలు కోటు జేబులోకి తోసేసి లేచి నిలబడింది. పొద్దుటి నుంచీ ఆ పెన్సిలు బయటికి రావడం, లోపలికి పోవడం చాలాసార్లయింది.

రాజమండ్రిలో పిల్లల పుస్తకాలు వేసే కావ్యగారు ఆమె కథ తీసుకున్నారు. వంతెన కట్టాక పని పోయిన ఓ ముసలి పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కించుకోవడానికి మనుషుల్ని వెతుక్కుంటూ తనంతట తానే గోదారి మీద బయల్దేరే కథ. కథా ఆమెదే, బొమ్మలూ ఆమెవే. ఆఖరి బొమ్మ ఒక్కటే మిగిలింది. మధ్యాహ్నంలోగా అది ఫోనులో పంపకపోతే ప్రెస్సులో వరస తప్పిపోతుందని, ఇప్పటికే తమ కోసం వాళ్ళు ఆగేరని కావ్యగారు మర్యాదగానే చెప్పేరు. ఆ మర్యాదకే సత్యదుర్గకి ఎక్కువ భయమేసింది.

ఆమెది మలికిపురం. తండ్రి మస్కట్‌లో క్రేను నడుపుతాడు. ఫోను చేసినప్పుడల్లా "ఏమ్మా, డాక్టరమ్మా" అనే పలకరిస్తాడు. ఆయన దగ్గర బొమ్మల సంగతి ఎత్తడానికి ఆమెకి ఇంతవరకూ నోరు రాలేదు. అమలాపురంలోని ఈ ఆసుపత్రిలో మాత్రం అందరికీ తెలుసు. పెద్ద డాక్టరు జయప్రకాష్‌గారు ఓసారి కేసు షీటు అంచున ఆమె గీసిన కొంగని చూసి, కోప్పడకుండా, "రెండు పడవల మీద కాళ్ళేసినవాళ్ళని ఏ పడవా దాటించదమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆమె కేసు షీట్ల మీద గీయడం మానేసింది. గీయడం మానలేదు.

"ఏమైందండీ?" అని అడిగింది భీమరాజుని మంచం మీద కూర్చోబెడుతూ.

"తెల్లారగట్ల నుంచీ కడుపులో ఒకటే మెలిపెట్టేత్తందంటన్నారండి," అంది భార్య నూకాలమ్మ. "ఓ వాంతి కూడా అయ్యిందండి. కాట్రేనికోన అవతల రొయ్యల చెరువు కాడ పన్జేత్తారండి. రాత్రి కూర పడలేదేమోనండి."

సత్యదుర్గ నాడి చూసింది, బీపీ చూసింది, పొట్ట నొక్కి చూసింది. ఈసీజీ తీయించింది. ఎక్కడా తేడా కనిపించలేదు. గ్యాసు నొప్పే అనుకుంది. సిస్టర్ బుజ్జమ్మ చేత ఇంజెక్షన్ చేయించి, "కాసేపు ఆ బెంచీ మీద కూర్చోండి. తగ్గకపోతే చెప్పండి," అంది.

"ఆయ్," అన్నాడు భీమరాజు.

రాత్రి ఎక్కడ పడుకున్నారని ఆమె అడగలేదు.

తర్వాత ఓ పిల్లాడికి కట్టు కట్టింది. ఓ ముసలాయనకి ఆయాసం మిషను పెట్టించింది. కాస్త ఖాళీ దొరకగానే బల్ల చాటున చిన్న పుస్తకం తెరిచింది. ఆఖరి బొమ్మలో పంటు రేవుకి వస్తుంది. రేవులో బెంచీ మీద మనుషులు దాని కోసం చూస్తూ ఉంటారు. ఆ మనుషులే ఇన్నాళ్ళూ కుదరలేదు. ఇప్పుడు ఎదురుగా గోడవార బెంచీ మీద అచ్చం అలాగే కూర్చున్నారు భీమరాజు, నూకాలమ్మ. సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పిలుస్తారన్నట్టు.

నూకాలమ్మ బొమ్మ చప్పున వచ్చేసింది, ముక్కుపుడకతో సహా. భీమరాజుతోనే చిక్కొచ్చింది. మెడ, భుజాలు, గెడ్డం అన్నీ కుదిరాయి గానీ కళ్ళు కుదరలేదు. వచ్చినప్పుడు ఆ మనిషి కళ్ళు విప్పారి, భయంభయంగా చూశాయి. ఆమెకి గుర్తుంది, అలాగే గీసింది. తలెత్తి చూస్తే ఆ కళ్ళు అక్కడ లేవు. చెరిపేసి మళ్ళీ గీసింది. మళ్ళీ చూసింది. ఈసారి గెడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి, రెప్పల కిందనుంచి చూస్తున్నాడు. కుదురుగా ఉండడేం ఈ మనిషి అని విసుక్కుంది. మెడ చెరిపి, తల వెనక్కి వంచి గీసింది. రెప్పలు సగం దించింది.

గీసినదాన్ని చూసుకుంది. కాగితం మీద మనిషి నిద్రమత్తులో ఉన్నట్టు లేడు. రెప్పలెత్తలేక, వాటి కిందనుంచి లోకాన్ని చూడ్డానికి తల వెనక్కి వేసినట్టున్నాడు.

పెన్సిలు ఎక్కడ పడిందో ఆమె చూసుకోలేదు. ఒక్క అంగలో బెంచీ దగ్గరుంది.

"భీమరాజుగారూ, పైకి చూడండి. నా వేలు వంక చూడండి."

కనుగుడ్లు కదలడానికి కష్టపడ్డాయి. రెప్పలు లేవలేదు.

"నాలిక... బరువుగా ఉందండి," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

అతను జవాబు చెప్పడానికి తంటాలు పడుతుంటే నూకాలమ్మ అందుకుంది. "చెరువుగట్టు మీద పాకలోనండి. కింద చాపేసుకుని పడుకుంటారండి. ఏమైందండి?"

ఒంటి మీద కాటు కనబడలేదు. కట్లపాము కాటు ఒక్కోసారి కనబడదు. నిద్రలో ఉన్నవాడికి చీమ కుట్టినంత కూడా తెలియదు. కడుపునొప్పితో తెల్లవారుతుంది. చదువుకున్న పాఠమే, పరీక్షలో రాసిన జవాబే.

"బుజ్జమ్మగారూ, యాంటీవీనమ్ తియ్యండి. సార్‌ని పిలవండి. పరుగెత్తండి."

జయప్రకాష్‌గారు వచ్చేసరికి మందు ఎక్కుతోంది. కానీ విషం ముందే బయల్దేరింది. చూస్తుండగానే భీమరాజు మెడ వాలిపోయింది, ఛాతీ లేవడం తగ్గిపోయింది, నోటి చివరినుంచి ఉమ్ము కారింది. జయప్రకాష్‌గారు అతని గొంతులోకి గొట్టం వేశారు. సత్యదుర్గ అంబు బ్యాగు తగిలించి నొక్కడం మొదలుపెట్టింది. ఆ రబ్బరు సంచీ నొక్కితే ఊపిరి, వదిలితే లేదు.

"వెంటిలేటర్లు ఖాళీ లేవు," అన్నారు ఆయన. "కాకినాడ మాట్లాడేను, తీసుకుంటామన్నారు. దారిపొడుగునా ఎవరో ఒకరు ఇది నొక్కుతూ వెళ్ళాలి."

"నేను వెళ్తాను సార్."

ఆమె కోటు జేబులో ఫోను మోగుతోంది. ఒక చేత్తో తీసి చూస్తే కావ్యగారు. కట్ చేసి బుజ్జమ్మ చేతిలో పెట్టింది.

అంబులెన్సులో భీమరాజు తల దగ్గర ఆమె కూర్చుంది. పక్కన నూకాలమ్మ, ఆమె తమ్ముడు ముత్యాలరాజు. బండి కదిలేలోగా మోటారు సైకిలు మీద వచ్చి ఎక్కాడతను. బండి ముమ్మిడివరం దాటింది. అప్పుడు ముత్యాలరాజు వంగి, బావగారి రెప్ప ఎత్తి చూశాడు. నల్లగుడ్డు పెద్దదై, వెలుతురు పడినా కదలకుండా ఉంది.

"అక్కా, బావ లేడు," అన్నాడు మెల్లగా. "పోయేడు."

నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మేడంగారండి, మీ డ్యూటీ మీరు చేత్తన్నారు, కాదన్ను. గాలి మీరు కొడుతున్నారు గాబట్టి గుండె లేత్తంది. ఆపితే ఆగిపోద్ది. కాకినాడెళ్ళేక పోయేడంటే పోలీసులంటారు, కోత్తారు. బండి తిప్పించండి. మా గుమ్మంలోకి తీసుకుపోతాం." అంటూనే వెనకనుంచి అద్దం మీద కొట్టాడు. డ్రైవరు బండి పక్కకి తీసి నెమ్మది చేశాడు.

సత్యదుర్గ చేతులు ఆపలేదు. "డ్రైవర్‌గారూ, పోనివ్వండి," అంది ముందు. తర్వాత ముత్యాలరాజు వైపు తిరిగింది. "ఆయన పోలేదండి. ఒళ్ళు కదపలేకపోతున్నారంతే. రెప్పలూ, గుడ్లూ, ఊపిరీ విషం పట్టేసింది. చెవులు పట్టలేదు. మనం అనేవన్నీ ఆయనకి వినబడుతున్నాయి. ఇప్పుడు మీరన్నమాట కూడా."

ముత్యాలరాజు నమ్మినట్టు లేడు.

"భీమరాజుగారూ, నా మాట వినబడితే కాలి వేలు కదపండి. ఏదైనా ఒక్కటి."

ముగ్గురూ ఆ పాదాల వంక చూశారు. మడమలు పగిలి, గోళ్ళలో చెరువు బురద ఎండిపోయిన పాదాలు. ఏమీ జరగలేదు. ముత్యాలరాజు మళ్ళీ అద్దం వైపు చెయ్యెత్తాడు. అప్పుడు ఎడమకాలి బొటనవేలు కదిలింది. అవునా కాదా అన్నంత కదిలింది.

"బావా," అన్నాడు ముత్యాలరాజు. అన్నాక ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"మాట్లాడండమ్మా ఆయనతో," అంది సత్యదుర్గ నూకాలమ్మతో.

నూకాలమ్మ నోరు తెరిచింది గానీ ఏడుపే వచ్చింది. ఆ ఏడుపు వింటూ కళ్ళు మూసుకుపోయి పడున్న మనిషి ఏమనుకుంటాడో సత్యదుర్గకి తట్టింది. చీకట్లో, కదల్లేక, తన చుట్టూ ఏడుపులు వింటూ. ఎవరో ఒకరు మామూలుగా మాట్లాడాలి. ఏం మాట్లాడాలి? ఆమె దగ్గర ఉన్నది ఒకటే.

"అనగనగా ఓ రేవండి," అంది, సంచీ నొక్కుతూ. "ఆ రేవులో ఓ ముసలి పంటు ఉందండి..."

ముత్యాలరాజు ఆమె వంక వింతగా చూశాడు. ఆమె ఆపలేదు. నొక్కుకో మాట, నొక్కుకో మాట. వంతెన కట్టిన సంగతి, పంటుకి తుప్పు పట్టిన సంగతి, దాని మీద గూడు పెట్టిన కాకి సంగతి చెప్పింది. మురమళ్ళ దాటేసరికి పంటు రేవు వదిలింది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ముత్యాలరాజుకి నొక్కడం నేర్పుదామా అనుకుంది గానీ, అతను ఇంకా బావగారి కాలి వేలు వంకే చూస్తున్నాడు.

ఎదుర్లంక వంతెన మొదట్లో బండి గోతిలో పడి ఎగిరింది. ఆ వెంటనే సంచీ బిగిసినట్టయింది. గాలి తేలిగ్గా పోవడం లేదు. వేలికి తగిలించిన చిన్న మిషనులో ఆక్సిజన్ అంకె దిగడం మొదలైంది. ఛాతీ చూస్తే కుడిపక్క లేస్తోంది, ఎడమపక్క లేవడం లేదు. గొట్టం లోపలికి జారి ఒక ఊపిరితిత్తి దారిలోకి పోయింది.

ఆమె మాట ఆగిపోయింది.

ఫోను లేదు. ఉన్నా, అడిగేంత వ్యవధి లేదు. ఎక్కువ లాగితే గొట్టం మొత్తం ఊడొస్తుంది. వంతెన మీద, ఊగే బండిలో మళ్ళీ వెయ్యడం ఆమె వల్ల కాదు. లాగకపోతే అంకె ఇంకా దిగుతుంది. "ఆపండి బండి," అంది. వంతెన మధ్యలో బండి ఆగింది. వెనకనుంచి హారన్లు. "మీరు ఇది నొక్కండి, నేను చెప్పినప్పుడల్లా," అని సంచీ ముత్యాలరాజు చేతుల్లో పెట్టింది. అతను నొక్కాడు. ఆమె స్టెతస్కోపు ఎడమపక్క ఆనించి, ప్లాస్టరు విప్పి, గొట్టాన్ని లోపల పట్టి ఉంచే బుడగలోని గాలి కాస్త తీసి, గొట్టాన్ని వేలి గోరంత వెనక్కి లాగింది. ఏమీ వినబడలేదు. ఇంకొంచెం. "నొక్కండి." చెవిలో ఊపిరి చప్పుడు వినబడింది, దూరంగా, తర్వాత దగ్గరగా. గాలి మళ్ళీ నింపి ప్లాస్టరు అంటించింది. అంకె కాసేపు అక్కడే నిలబడి, నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టింది.

"పోనివ్వండి," అంది. కథ ఎక్కడ ఆపిందో గుర్తు రాలేదు. ఎక్కడో అక్కడ పట్టుకుంది. యానాం దాటాక రాసిన కథ అయిపోయింది. ఆ తర్వాత కాకినాడ దాకా ఏం చెప్పిందో ఆమెకే తెలియదు.

కాకినాడలో వెంటిలేటరుకి తగిలించాక, చేతివేళ్ళు తెరుచుకోక, వార్డు బయట గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

సాయంత్రం అమలాపురం తిరిగొచ్చి నేరుగా జయప్రకాష్‌గారి గదికి వెళ్ళింది. గొట్టం సంగతి విని ఆయన బాగా చేశావన్నారు. సత్యదుర్గ వెళ్ళిపోలేదు. చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. నొప్పని వచ్చినవాడికి గ్యాసు ఇంజెక్షన్ చేయించి పక్కన కూర్చోబెట్టి బొమ్మ గీసుకున్నానని, కళ్ళు కుదరక రెండోసారి గీస్తే గానీ తెలియలేదని చెప్పింది.

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

"గీయకపోతే అసలు చూసేదానివి కాదేమో," అన్నారు.

"గీయకపోతే ముందే చూసేదాన్నేమో సార్."

"అదీ నిజమే. నేనైనా మొదట గ్యాసనే అనుకునేవాణ్ణి. కానీ కూర్చునేవాణ్ణి కాదు. లేచెళ్ళి ఇంకో రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి." పుస్తకం మూసి ఆమె వైపు జరిపారు. "క్యాజువాలిటీలో ఇంకో నెల చెయ్యి. నీ పోస్టింగు పొడిగిస్తున్నాను. డ్యూటీలో ఇది జేబులో ఉండకూడదు. ఇంటికెళ్ళేక నీ ఇష్టం. మానెయ్యమని మాత్రం నేననడం లేదు."

"ఆయ్ సార్," అంది. ఏడుపొస్తుందనుకుంది గానీ రాలేదు.

బుజ్జమ్మ దగ్గర ఫోను తీసుకుంటే కావ్యగారి మెసేజి ఉంది. ప్రెస్సులో వరస తప్పిపోయింది, మళ్ళీ దొరికే వరసకైనా ఆలస్యం కాకూడదని, బొమ్మలన్నీ ఒకే చేతివి ఉండాలని మొత్తం వేరే ఆర్టిస్టుకి ఇచ్చేశారట. కథ మాత్రం ఆమె పేరుతోనే వస్తుందట. ఒప్పుకుంటారా అని అడిగారు. నెలల తరబడి గీసిన బొమ్మలు. సత్యదుర్గ మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, సరేనండి అని రాసింది. రాశాక ఫోను బోర్లా పెట్టేసింది.

డ్యూటీ లేని రోజు బస్సెక్కి కాకినాడ వెళ్ళింది. భీమరాజు దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గొట్టం తీసేశారు. గొంతు బొంగురుపోయింది. రెప్పలు ఇంకా పూర్తిగా లేవలేదు గానీ, ఆమెని చూడగానే దణ్ణం పెట్టబోయాడు. నూకాలమ్మ స్టూలు జరిపింది.

"బండిలో నేను చెప్పిందంతా వినబడిందాండి?" అని అడిగింది సత్యదుర్గ.

"వినబడిందండి. కథేంటో గుర్తు లేదండి. పడవో ఏదో." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "వంతెన మీద మీరు మాటాపేసేరు చూడండి. అప్పుడు మాత్రం అయిపోయిందనుకున్నానండి. మళ్ళీ మొదలెట్టేరు. ఏంటి చెబుతున్నారని కాదండి. ఆపకుండా ఉంటే చాలనుకున్నానండి."

సత్యదుర్గ స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. ఆ పొద్దున తాను ఎంతసేపు ఆలస్యం చేసిందో చెప్పింది. దాచకుండా చెప్పింది. నూకాలమ్మ మొహం కాస్త మారింది. భీమరాజు వింటూ దుప్పటి అంచు సవరించుకున్నాడు.

"చూసేరు కదండి, ఆఖరికి," అన్నాడు.

"ఎప్పటికైనా మీ గురించి రాయాలనుంది. మీకు ఇష్టమైతేనే."

అతను ఆలోచించాడు.

"రాయండి. కానండి, పాకలో పడుకున్నానని మాత్రం రాయకండి. నేను రాత్రి కాపలావోణ్ణండి. చెరువు ఆసామి చదివేడంటే, ఒరే నిద్రపోతన్నావా అంటాడు."

"చాపేసుకుని మరీ," అంది నూకాలమ్మ. ఆ మాటకి మొదట ఆమే నవ్వింది.